కుందేలు పిల్లల బేరం: లాభనష్టాలు తేలేది ఏడు వారాల గూటిలోనే

చార్మినార్‌కు సమీపంలోని మహబూబ్ చౌక్‌ను పాతబస్తీ జనం ముర్గీ చౌక్ అనే పిలుస్తారు. అక్కడి గడియారపు స్తంభాన్ని 1892లో నిజాం ప్రధానమంత్రి సర్ ఆస్మాన్ జా కట్టించారు. అయినా ఆ చోటుకు స్థిరపడింది కోళ్ళ బేరం తెచ్చిన పేరే. కోళ్ళు, బాతులు, పావురాల సరసన కుందేలు పిల్లలు కూడ ఈ బజారు ఎరిగిన సరుకే. అయితే కోడికి ఉన్నట్టు కుందేలుకు రోజువారీ ధారణ లేదు. కోడిని తూకం మీద అమ్ముతారు. ముద్దుకు పెంచుకునే కుందేలు పిల్లను జోడీ లెక్కన అమ్ముతారు. మాంసానికి పెంచిన కుందేలు మళ్ళీ తూకం మీదికే వస్తుంది. ఒకే సరుకుకు ఈ రెండు కొలతలు ఉండడం వల్లనే కొత్తగా ఈ వ్యాపారంలో దిగేవారి లెక్కలు తారుమారవుతున్నాయి.

పాలు మాన్పించిన పిల్లను అమ్మకపు బరువుకు తెచ్చే కాలం సుమారు ఏడు వారాలు. దాణా ఖర్చు, చావుల తరుగు, ఎండ దెబ్బ, గిరాకీ చేజారడం అన్నీ ఆ ఏడు వారాల్లోనే ఎదురవుతాయి. ఆ కాలంలో పిల్ల ఉండేది గూటిలో. కనుక గూటి కొలత, గూటి జాలీ, గూటిలో ఎన్ని పిల్లలు అన్న ప్రశ్నలు పెంపకందారుకు ఎంత ముఖ్యమో, సరుకుకు బయానా ఇచ్చే వర్తకునికీ, మధ్యనున్న దళారీకీ అంతే ముఖ్యం.

రెండు బేరాలు, రెండు వయస్సులు

పెంపుడు బేరానికి వచ్చే పిల్ల వయస్సు ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పుడు అది చేతిలో ఇమిడేటంత ఉంటుంది. రంగు, వెంట్రుక, చెవుల తీరు చూసి కొంటారు గాని బరువు ఎవరూ అడగరు. వారం గడిచేకొద్దీ పిల్ల చూపు తగ్గి, ఒళ్ళు పెరుగుతుంది. పన్నెండు వారాలు దాటిన కుందేలును పిల్ల అని చెప్పి అమ్మడం కష్టం.

మాంసపు బేరం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆరు వారాల పిల్లలో కోతకు తగిన మాంసం లేదు. మేలు జాతి పిల్ల పన్నెండు వారాలకు రెండు కిలోల దాకా తూగుతుంది. ఆపైన తిన్న దాణాకు తగినట్టు బరువు పెరగదు కనుక నిలవ ఉంచడం దండుగ.

అంటే ఏడో వారం నుంచి పన్నెండో వారం దాకా గడిచే ప్రతి రోజూ ఒక బేరంలో సరుకు విలువను తగ్గిస్తుంది, మరో బేరంలో పెంచుతుంది. పెంపుడు బేరానికని తెచ్చిన పిల్లలు అమ్ముడుపోకపోతే మాంసానికి పంపవచ్చునన్న ధీమాతో చాలామంది ఎక్కువ సరుకు ఎత్తుతారు. కాని ఇరుకు గూటిలో, బజారు ధూళిలో, తౌడుతో, ఆకుకూరల చెత్తతో గడిపిన పిల్ల పన్నెండో వారానికి రెండు కిలోలు కాదు గదా, అందులో సగం తూగడం కూడ కష్టం. ఏ బేరానికి పెంచుతున్నదీ మొదటి రోజే తేల్చుకోవాలనడానికి ఇదే కారణం.

సరుకు ఎక్కడిది

తెలుగునాట చెవులపిల్లి అని పిలిచే అడవి కుందేలు వేరు, గూటిలో పెంచే కుందేలు వేరు. అడవి కుందేలును పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ సరుకును ముట్టుకోకపోవడమే వర్తకునికి క్షేమం. గూటి కుందేలు యూరప్ నుంచి వచ్చిన జాతి. మన దేశంలో మాంసపు జాతుల మీద పని ప్రధానంగా 1970 దశకం చివర నుంచి సాగింది. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో 1962లో స్థాపించిన కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ ఇందులో ముందు నిలిచింది. తమిళనాడులో కొడైకెనాల్ సమీపాన మన్నవనూరులో ఆ సంస్థకు దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్, గ్రే జెయింట్ అన్నవి పెంపకందారుల నోట వినవచ్చే పేర్లు.

తెల్లని ఒళ్ళు, ఎర్రని కళ్ళు కనబడగానే న్యూజిలాండ్ వైట్ అని ధర చెప్పడం బజారులో మామూలు. రంగును బట్టి జాతి నిర్ణయం కాదు. తల్లిదండ్రుల బరువు చూపమని అడగడం, పాలు మాన్పించిన నాటి తేదీ, బరువు రాసిన చీటీ తీసుకోవడం కొనేవాని పని. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య పాలు మాన్పిస్తారు. మంచి మందలో అయిదు వారాల పిల్ల 600 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఆ బరువు లేని పిల్లను చవకగా ఇచ్చినా అది చవక సరుకు కాదు.

గూటి కొలత

పెరిగే పిల్లలకు చదరపు మీటరుకు 16 మించకూడదన్నది అంతర్జాతీయంగా చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. అది చల్లని దేశాల లెక్క. దక్కను ఎండలకు ఒక్కో పిల్లకు ఒక చదరపు అడుగు చొప్పున వదలడం ఉత్తమం. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గూటిలో ఆరు పిల్లలు. నగర వర్తకుల భాషలో చెప్పాలంటే చదరపు గజానికి తొమ్మిది. పది పన్నెండు కుక్కినంత మాత్రాన గూటి ఖర్చు కలిసిరాదు. మేత దగ్గర బలమైనవి తిని, బలహీనమైనవి వెనుకబడతాయి. ఒకే గూటిలోని సరుకు ఎగుడుదిగుడుగా తయారైతే కొనేవాడు మొత్తానికి తక్కువ ధర కడతాడు.

నేల జాలీ విషయంలో పొదుపు పనికిరాదు. అర అంగుళం వెడల్పు, అంగుళం పొడవు కన్నులున్న వెల్డు జాలీ, 14 గేజి తీగ, గాల్వనైజు చేసినది కావాలి. కన్ను పెద్దదైతే పిల్ల కాలు ఇరుక్కుని విరుగుతుంది. మరీ చిన్నదైతే పెంటికలు కిందికి జారక నేల మీదే నిలుస్తాయి. కోళ్ళ వలగా అమ్మే ఆరుమూలల పలుచని తీగ పక్కలకు కూడ సరిపోదు. కుందేలు దానిని కొరుకుతుంది, ఎలుక దూరుతుంది. వెల్డు మొనలు తేలిన చోట అరికాళ్ళు పుండ్లు పడతాయి. జాలీ కొనేటప్పుడు అరచేతితో నిమిరి చూస్తే ఆ లోపం తెలిసిపోతుంది. నేల మీద ఒక మూల చెక్క పలక వేస్తే కాళ్ళకు విశ్రాంతి. దానిని తరచు కడిగి ఎండబెట్టాలి.

గూడు నేలకు రెండున్నర నుంచి మూడడుగుల ఎత్తున నిలవాలి. పాతబస్తీలో చోటు కరువు కనుక మూడు నాలుగు అంతస్తులు పేర్చాలన్న ఆశ కలుగుతుంది. రెండుకు మించితే పై వరుస రేకు వేడికి, కింది వరుస పెంట వాసనకు గురవుతాయి. రెండు వరుసల నడుమ వాలుగా రేకు పళ్ళెం తప్పనిసరి. కోళ్ళ గూళ్ళ కింద కుందేళ్ళ గూళ్ళు ఎంతమాత్రం పెట్టరాదు. కోడి రెట్ట కుందేలు మేతలో పడడం రోగానికి దారి.

ఒకే ఈత పిల్లలను ఒకే గూటిలో ఉంచితే కొట్లాట తక్కువ. మూడు నెలలు సమీపించేసరికి మగవి కరచుకోవడం మొదలుపెడతాయి. తోలు చిరిగిన కుందేలుకు ఏ బేరంలోనూ ధర రాదు. నాలుగు నెలలకు ఆడవి చూడి కట్టగలవు. కనుక పన్నెండో వారానికి అమ్మడమో, ఆడ మగ విడదీయడమో జరగాలి. విడదీయడమంటే అదనపు గూళ్ళు, అదనపు ఖర్చు.

దాణా లెక్క

అయిదు వారాలకు 600 గ్రాములున్న పిల్ల పన్నెండు వారాలకు రెండు కిలోలు కావాలంటే 49 రోజుల్లో 1,400 గ్రాములు పెరగాలి. రోజుకు దాదాపు 29 గ్రాములు. కిలో బరువు పెరగడానికి మూడున్నర కిలోల గుళికల దాణా పడుతుందనుకుంటే, ఒక్కో పిల్ల తినేది 4.9 కిలోలు. అంటే రోజుకు సుమారు వంద గ్రాములు. ఆరు పిల్లల గూటికి 29 కిలోల పైచిలుకు. చివరి వారంలో ఒక్కటి చనిపోతే ఆ దాణా భారమంతా అయిదింటి మీద పడి, ఒక్కోదాని లెక్కలో 5.9 కిలోలవుతుంది. ఒక్క చావుతో మిగిలిన ప్రతి కుందేలు మీద కిలో దాణా అదనంగా చేరిందన్న మాట.

ఇదే లెక్కను బ్రాయిలర్ కోడితో పోల్చడం అవసరం. బ్రాయిలర్ అయిదారు వారాలలో రెండు కిలోలకు వస్తుంది. కిలో బరువుకు 1.7 కిలోల దాణా చొప్పున 3.4 కిలోలు తింటుంది. కోసి శుభ్రం చేస్తే సుమారు 70 శాతం మాంసం దక్కుతుంది. కుందేలులో దక్కేది 50 నుంచి 55 శాతం. ఆ ప్రకారం కిలో కోడి మాంసం వెనుక దాదాపు రెండున్నర కిలోల దాణా ఉంటే, కిలో కుందేలు మాంసం వెనుక నాలుగున్నర కిలోల పైనే ఉన్నది. తల్లి కుందేలు తిన్నది ఇందులో చేరలేదు. కేవలం గుళికల దాణాతో పెంచి కోడి ధరకు కుందేలును అమ్మగలమనేవారి మాట నమ్మదగినది కాదు.

కుందేలుకున్న అనుకూలత వేరే ఉన్నది. అది పీచు మేతను వాడుకుంటుంది. లూసర్న్, అలసంద ఆకు, మునగాకు వంటి పచ్చిమేత కొంత పెడితే దాణా ఖర్చు తగ్గుతుంది. పెరుగుదల కొంచెం నెమ్మదిస్తుంది. పచ్చిమేతను తెచ్చిన వెంటనే తడితో వేయకుండ నీడన వాడబెట్టి వేయాలి. తడి మేత, కుళ్ళిన కూరగాయలు కడుపు ఉబ్బరానికి కారణం. రాత్రివేళ మెత్తని పెంటికలను నేరుగా నోటితో అందుకుని తినడం కుందేలు జీర్ణక్రియలో భాగం. దానిని జబ్బు అనుకుని సరుకును తిప్పి పంపే కొత్త వర్తకులు లేకపోలేదు.

చావుల తరుగు

పాలు మాన్పించిన మొదటి రెండు మూడు వారాలే గండం. తల్లిని వదిలిన బెంగ, మేత మార్పు, ప్రయాణపు బడలిక మూడూ ఒకేసారి మీద పడతాయి. పెంట ద్వారా వ్యాపించే కాక్సీడియా రోగం ఈ వయస్సు పిల్లలనే ఎక్కువగా తీస్తుంది. పెంట కిందికి జారిపోయే జాలీ నేల వల్ల దానికి కొంత అడ్డుకట్ట పడుతుంది. మాంసపు కుందేళ్ళ పెంపకంలో జాలీ గూడు స్థిరపడడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. గూటి కింద పెంట పేరుకుని ఘాటు వాసన లేస్తే ముక్కు కారే రోగం పట్టుకుంటుంది. చెవిలో గజ్జి పడితే పెంపుడు బేరంలో ఆ పిల్లకు గిరాకీ పోయినట్టే.

సరుకు దించుకునే వర్తకుడు నాలుగు చోట్ల చూడాలి. ముక్కు పొడిగా ఉన్నదా, ముందు కాళ్ళ లోపలి వెంట్రుక చీమిడితో అట్టకట్టిందా, చెవి లోపల పొక్కులున్నాయా, తోక కింద తడి ఉన్నదా. కొత్త సరుకును పాత సరుకుతో రెండు వారాలు కలపకూడదు. ఒక్కో విడత అమ్మిన తరువాత గూటిని వారం రోజులు ఖాళీగా ఉంచి, జాలీని కడిగి, మంటతో కాల్చి శుద్ధి చేయాలి. పెంపకానికి ఏడు, శుభ్రానికి ఒకటి, వెరసి ఎనిమిది వారాలు. ఆ లెక్కన ఏడాదికి ఆరు విడతలు రావాలి. హైదరాబాద్‌లో ఆరు రావు.

వేసవి గండం

కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడిని చెవుల ద్వారా, శ్వాస ద్వారా వదులుతుంది. 15 నుంచి 25 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటుంది. 30 దాటితే మేత తగ్గిస్తుంది. 35 దాటితే రొప్పుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు చూసే నగరంలో మిద్దె మీద సిమెంటు రేకుల కింద గూళ్ళు పెట్టినవారికి మధ్యాహ్నం ఒక్క పూటలో విడతకు విడత పోయే ప్రమాదం ఉన్నది. చావు తప్పినా మేత తినని పిల్ల రెండు మూడు వారాలు వెనుకబడుతుంది. మగ కుందేళ్ళు వేడికి పొర్లు శక్తి కోల్పోవడం వల్ల వేసవి అనంతరం పిల్లల రాబడి కూడ తగ్గుతుంది.

పాతబస్తీ ఇళ్ళలో మందపు గోడల కింది గదులు, చెట్టు నీడ ఉన్న ముంగిళ్ళు ఇందుకు మిద్దె కన్న మేలు. గాలి ధారాళంగా ఆడాలి. వట్టివేళ్ళ తడికెలు, తడి గోనె పట్టాలు గాలి వచ్చే వైపు కట్టాలి. గూటిని మాత్రం తడపరాదు. నీటి సీసాలు ఎండ తగలకుండ ఉండాలి. చల్లని వేళల్లో, అంటే తెల్లవారుజామున, రాత్రి పూట మేత వేయాలి. మార్చిలో పిల్లలు దించుకుని మేలో అమ్మజూడడం కన్న, ఆ విడతను వదులుకుని అయిదు విడతలకే లెక్క కట్టడం వివేకం.

మాంసానికి గిరాకీ ఎంత

జియాగూడలో గొర్రెలు, మేకల సంతకు ఉన్న స్థిరత్వం కుందేలుకు ఆశించరాదు. పాతబస్తీ గిరాకీని అంచనా వేసేవారు ఆచారాలను కూడ లెక్కలోకి తీసుకోవాలి. సున్నీ సంప్రదాయంలో కుందేలు మాంసానికి అనుమతి ఉన్నది. షియా జాఫరీ సంప్రదాయంలో అది నిషిద్ధం. దారుల్‌షిఫా, నూర్‌ఖాన్ బజార్ వంటి షియాలు ఎక్కువగా నివసించే ప్రాంతాల చేరువలో మాంసపు గిరాకీని ఆశించి గూళ్ళు పెట్టడం పొరపాటు అంచనా. హిందువులలో మాంసాహారులైన కుటుంబాలలో కూడ కుందేలు తినని ఇళ్ళు అనేకం.

చట్టం సంగతి కూడ ఉన్నది. ఆహార భద్రత నిబంధనలలోని జంతువుల పట్టికలో కుందేలు పేరు లేదన్న కారణంతో 2014లో కేరళలో కుందేలు మాంసం వ్యాపారం చిక్కులో పడింది. గూళ్ళ నిండా సరుకు ఉండగా కొనేవాడు లేక పెంపకందారులు నష్టపోయారు. మాంసం వైపు అడుగు వేసే వర్తకుడు వధ, అమ్మకం లైసెన్సుల విషయం అధికారుల వద్ద ముందుగా తేల్చుకోవాలి. గూళ్ళు కట్టిన తరువాత అడగడం ఆలస్యం అవుతుంది.

మరో గిరాకీ ప్రయోగశాలలది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ప్రయోగశాల జంతువులను పెంచే విభాగాన్ని నిర్వహిస్తున్నది. ఔషధ కంపెనీలున్న నగరం కనుక తమ కుందేళ్ళను అక్కడ అమ్మవచ్చునని ఆశపడేవారున్నారు. 1998 నాటి నిబంధనల ప్రకారం నమోదైన పెంపకందారుల సరుకే ప్రయోగాలకు పనికివస్తుంది. బజారు సరుకుకు ఆ తలుపు తెరుచుకోదు.

తిరుగు కొనుగోలు మాటలు

తల్లి కుందేళ్ళు, గూళ్ళు కలిపి ఒక యూనిట్‌గా అమ్మి, పుట్టే పిల్లలన్నిటినీ తామే కొంటామని రాసిచ్చే పద్ధతి ఒకటి ఉన్నది. ఈము పక్షుల సంగతి వర్తకులు మరచి ఉండరు. ఆంధ్ర ప్రాంతంలోనూ, తమిళనాడులోనూ విస్తరించిన ఆ పెంపకం 2012లో తమిళనాడులో తిరుగు కొనుగోలు పథకాలు కుప్పకూలడంతో దెబ్బతిన్నది. అందులో పక్షులను కొన్నవారు ఎక్కువగా మరో పెంపకందారులే, తినేవారు కారు. కొత్త పెంపకందారులు చేరుతున్నంత కాలం ధర నిలిచింది, చేరడం ఆగిన నాడు పడిపోయింది. కుందేలు ఒప్పందం చేతికి వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఆ సంస్థ కొన్న పిల్లలను ఎవరికి, ఏ తూకానికి అమ్ముతున్నది? ఆ జవాబు బిల్లుల రూపంలో చూపలేని ఒప్పందానికి బయానా ఇవ్వరాదు.

గూటి మీద ఆంక్షలు

1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, జంతువు తగుమాత్రం కదలడానికి పొడవు, వెడల్పు, ఎత్తు చాలని గూటిలో ఉంచడం నేరం. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనలలో కుందేలు పేరు స్పష్టంగా ఉన్నది. ఆ నిబంధనల మేరకు దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. విదేశాల్లో ఒత్తిడి ఇంకా ఎక్కువ. ఆస్ట్రియాలో 2012 నుంచి మాంసపు కుందేళ్ళను గూళ్ళలో పెంచడం నిషేధించారు. 2021 జూన్‌లో యూరోపియన్ కమిషన్ గూళ్ళ పెంపకాన్ని క్రమంగా ఆపే ప్రతిపాదనను 2023 చివరికి తెస్తామని ప్రకటించింది. ప్రతిపాదన రాకుండానే ఆ గడువు దాటిపోయింది. మన వద్ద అంత దూరం రాలేదు. అయినా కొత్తగా జాలీ కొనేవారు ఇరుకు కొలతకు కాక విశాలమైన కొలతకే కొనడం మంచిది. తనిఖీ వచ్చిన నాడు గూళ్ళన్నీ మార్చడం కన్న అది చవక.

మొత్తం మీద పెంపుడు బేరం చిన్నదైనా నగదు బేరం. దానికి కొద్దిపాటి గూళ్ళు, త్వరగా కదిలే సరుకు చాలు. మాంసపు బేరం పెద్దదిగా కనిపించినా, కొనే హోటలో దుకాణమో ముందుగా తేలితే తప్ప నిలవదు. నెలకు ఎన్ని కిలోలు ఎవరు తీసుకుంటారో తేలిన తరువాత, ఆ కిలోలను రెండుతో భాగించి, వచ్చిన సంఖ్యకు తరుగు కలిపి, ఆరు పిల్లలకు ఒక గూడు చొప్పున జాలీ కొనాలి. ముందు గూళ్ళు నింపి ఆ తరువాత కొనేవాని కోసం తిరిగితే, పన్నెండు వారాలు దాటిన సరుకు రోజూ దాణా తింటూ బేరంలో వర్తకుని చెయ్యి కింద చేస్తుంది.